కరువు తిండి అనిపించుకున్న గడ్డ

‘యామ్’ అనే ఇంగ్లీషు మాటకు తెలుగులో ఏమంటారని అడిగితే కొందరు కంద అంటారు, కొందరు పెండలం అంటారు, ఇంకొందరు చిలగడదుంప అని కూడా అంటారు. ఈ మూడూ మూడు వేరువేరు కుటుంబాల మొక్కలు. కంద చేమకు చుట్టం. చిలగడదుంప తూటి తీగకు చుట్టం. అసలు ‘యామ్’ అనదగినది పెండలం ఒక్కటే. మన అడవుల్లో చెట్లకు అల్లుకొని, ఎండాకాలంలో ఆకు రాల్చి, తొలకరికి మళ్లీ మొలిచే అడవిగడ్డల తీగలు దీని సొంత అక్కచెల్లెళ్లు. వృక్షశాస్త్రంలో వీటన్నిటినీ కలిపి డయాస్కోరియా అంటారు. క్రీస్తు శకం మొదటి శతాబ్దంలో మందుమొక్కల మీద పెద్ద గ్రంథం రాసిన గ్రీకు వైద్యుడు డయాస్కోరైడిస్ పేరు మీద పెట్టిన పేరు అది. గడ్డ తవ్వి తిన్నవాళ్ల పేరు మాత్రం ఏ మొక్కకూ రాలేదు!

ఈ పేర్ల సంగతి ముందే చెప్పడానికి కారణం ఉంది. గడ్డలు తింటే అరుగుదల బాగుంటుందని, ఒంట్లో కొలెస్ట్రాల్ తగ్గుతుందని ఇప్పుడు తరచుగా వింటున్నాం. ఏ గడ్డ? ఎలా వండిన గడ్డ? ఎంత? ఈ ప్రశ్నలు వేయకుండా ఆ మాట నమ్మకూడదు, కొట్టిపారేయకూడదు. మన పెద్దలు ఈ గడ్డల మీదే బతికారు కాబట్టి, దీని చరిత్ర తెలుసుకోవలసిన అవసరం మిగతావాళ్లకంటే మనకే ఎక్కువ.

నల్లమల నుంచి మొదలుపెడదాం. 1940లో క్రిస్టాఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ అనే ఆస్ట్రియా మానవశాస్త్రజ్ఞుడు నాటి హైదరాబాదు సంస్థానంలోని అమ్రాబాద్ పీఠభూమిలో చెంచుల మధ్య ఉండి అధ్యయనం చేశాడు. 1943లో ఆయన పుస్తకం వచ్చింది. అందులో కనిపించే చెంచుల ప్రధాన పనిముట్టు విల్లు కాదు, ఇనుప మొన తొడిగిన తవ్వుకర్ర. బయటివాళ్లు చెంచు అనగానే విల్లంబులు బొమ్మ గీస్తారు. పొట్ట నింపింది మాత్రం ఎక్కువగా ఆ కర్రే. వేట దొరికిన రోజు పండుగ, దొరకని రోజు కూడా గడ్డ ఉండేది. ఆడవాళ్లు, మగవాళ్లు, కాస్త చేతికి వచ్చిన పిల్లలు అందరూ తవ్వేవారు. పాఠ్యపుస్తకాల్లో ‘వేటాడి జీవించేవారు’ అని రాసినచోట ‘గడ్డలు తవ్వి జీవించేవారు’ అని రాస్తే నిజానికి దగ్గరగా ఉంటుంది, ఆడవాళ్ల కష్టం కూడా లెక్కలోకి వస్తుంది.

తవ్వడం అంటే తేలిక పని కాదు. కొన్ని రకాల గడ్డ నిట్టనిలువుగా లోతుకు దిగుతుంది. బండల సందుల్లోకి పోతుంది. ఒక్క గడ్డ కోసం మనిషి ఎత్తు గుంత తవ్వవలసి వస్తుంది. ఆకు రాలిపోయాక ఎండిన తీగ ఒక్కటే ఆనవాలు. అది కూడా గాలికి తెగిపోతే కింద ఏముందో తెలిసేది ఆ చోటును ముందే గుర్తు పెట్టుకున్నవాళ్లకే. తీగ మొదట్లో ఉండే తల భాగాన్ని వదిలేసి మట్టి కప్పితే మళ్లీ చిగురిస్తుంది. ఆ తల కూడా పీకేస్తే వచ్చే ఏడు అక్కడ ఏమీ ఉండదు. ఇది వ్యవసాయం కాదని రెవెన్యూ దస్తరాలు అంటాయి. సరే, కాదనుకుందాం. కానీ మొక్కను బతికిస్తూ తినడం కూడా ఒక సేద్యమే అని నేననుకుంటాను.

పాపికొండల కొండరెడ్ల గురించి హైమన్‌డార్ఫ్ 1945లో ఇంకో పుస్తకం వేశాడు. అక్కడ పోడు పంట ఉంది. జొన్న, సామ వంటి గింజలున్నాయి. అయినా గింజ అయిపోయాక కొత్త పంట చేతికి వచ్చేలోపు ఆదుకున్నవి అడవిగడ్డలు, జీలుగు చెట్టు బోదెలోని పిండి. గింజా గడ్డా ఒకదానికొకటి పోటీ కాదు, ఒకటి తగ్గినచోట రెండోది నిలబడేది.

బయటివాళ్ల మాటల్లో ఒక వింత గమనించండి. రాముడు అరణ్యవాసంలో తింటే అవి కందమూలఫలాలు. మునులు తింటే సాత్వికాహారం. అదే గడ్డ చెంచు తింటే, కోయ తింటే ‘కరువు తిండి’! ఈ రెండో పేరు దస్తరాల్లోకి గట్టిగా ఎక్కింది బ్రిటిషు కాలంలోనే. 1876–78 నాటి ఘోరమైన కరువులో మద్రాసు ప్రెసిడెన్సీలో మైదానం జనం కూడా వేర్లు, ఆకులు వెతుక్కుని తిన్నారు. ఆ తర్వాత అధికారులకు అడవిగడ్డ అంటే తిండి దొరకనివాడి ఆఖరి గతిగానే కనిపించింది. ఏడాది పొడవునా ఇష్టంగా తినే జనం ఉన్నారన్న సంగతి వాళ్ల కంటికి ఆనలేదు. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. రిజర్వు అడవి గీత లోపల ఏది తీసినా అనుమతి కావాలన్నారు. కలప విలువైనది కాబట్టి దాన్ని కాపాడారు. గడ్డ విలువలేనిది కాబట్టి దాన్ని తవ్వే హక్కును ఎవరూ పట్టించుకోలేదు. రంపలోనైనా ఆ తర్వాత అల్లూరి కాలంలోనైనా జనం తిరగబడిన కారణాల్లో అడవి మీద ఆంక్షలున్నాయని మనం చదువుకుంటాం. ఆ ఆంక్షలు పోడుతో పాటు వంటకుండ మీద కూడా పడ్డాయన్నది పాఠంలో కనిపించదు.

ఇక కడుపు సంగతి. అడవిగడ్డలన్నీ అమాయకమైనవి కావు. మూడు ఆకులు కలిసి ఒక ఆకుగా ఉండి, తీగకు ముళ్లుండే రకం ఒకటుంది. దాని గడ్డ భూమి పైపైనే దొరుకుతుంది, పెద్దగా ఊరుతుంది, చూస్తే నోరూరుతుంది. కానీ అందులో డయాస్కొరిన్ అనే విషం ఉంటుంది. సరిగా శుద్ధి చేయకుండా తింటే గొంతు మండుతుంది, వాంతులవుతాయి, తల తిరుగుతుంది, ఎక్కువైతే నరాలు పట్టేసి ప్రాణం మీదికి వస్తుంది. అలాంటి గడ్డను పల్చగా బిళ్లలు కోసి, ఉడికించి, బుట్టలో వేసి పారే వాగులో నానబెట్టి, నీళ్లు మారుస్తూ మళ్లీ ఉడికించి తినేలా చేసుకున్నవాళ్లు మన తూర్పు కనుమల జనం. ఒడిశా నుంచి ఆగ్నేయాసియా దాకా ఇదే పద్ధతి రకరకాలుగా ఉంది. విషం నీళ్లలో కరుగుతుంది, పిండి కరగదు. ఈ సంగతి ప్రయోగశాలలో తేలకముందే వాగు ఒడ్డున తేలింది. ఎంతమంది జబ్బుపడి ఉంటే ఈ విద్య కుదిరి ఉంటుందో ఊహించుకోవాల్సిందే.

తీగకు కాయల్లాంటి చిన్న గడ్డలు వేలాడే రకం ఇంకొకటి. అడవిలో ఉండేది బాగా చేదు. ఆ చేదులోని పదార్థాలు కాలేయానికి మంచివి కావని ఇప్పటి పరిశోధనలు చెబుతున్నాయి. చేదు విరగ్గొట్టి తినడం మన పెద్దలకు తెలుసు. పచ్చిగా ‘ఆరోగ్యానికి మంచిది’ అని నమలడం వాళ్లకు తెలియదు, మనమూ నేర్చుకోనక్కర్లేదు. మైదానంలోని కంద కథ వేరు. దాని దురదకు కారణం కాల్షియం ఆక్సలేట్ సూదులు. బాగా ఉడికించి చింతపండు పులుపు తగిలించడం అందుకే.

విషం లేని గడ్డ, లేదా విషం తీసిన గడ్డ కడుపులోకి వెళ్లాక ఏం జరుగుతుంది? ఉడికిన గడ్డలోని పిండి నోట్లోనే విరగడం మొదలవుతుంది. లాలాజలంలో అమైలేజ్ అనే పదార్థం ఆ పని చేస్తుంది. 2007లో అచ్చయిన ఒక పరిశోధనలో తరతరాలుగా పిండి ఎక్కువ తిన్న జనసమూహాల్లో ఈ అమైలేజ్ జన్యువు నకళ్లు సగటున ఎక్కువగా ఉన్నాయని తేలింది. అందులో లెక్కించిన జనాల్లో టాంజానియా దేశపు హాడ్జాలు ఉన్నారు. వాళ్లు మన చెంచుల్లాగే వేటాడి, గడ్డలు తవ్వి బతికేవాళ్లు. తినే తిండి ఒంటి మీదే కాదు, వంశం మీద కూడా రాత రాస్తుందన్నమాట.

పిండి అంతా అరగదు. కొంత, ముఖ్యంగా వండి చల్లారిన గడ్డలోది, చిన్నపేగు దాటి పెద్దపేగుకు చేరుతుంది. అక్కడి సూక్ష్మజీవులు దాన్ని పులియబెట్టి పేగు గోడకు ఆహారమయ్యే ఆమ్లాలు తయారుచేస్తాయి. పీచు మలాన్ని మెత్తబరిచి ముందుకు నెడుతుంది. పెండలం జాతి గడ్డ 100 గ్రాములలో సుమారు 4 గ్రాముల పీచు ఉంటుంది. పాలిష్ పట్టిన తెల్లబియ్యం అన్నం 100 గ్రాములలో అర గ్రాము కూడా ఉండదు. పొటాషియం కూడా గడ్డలో బాగా ఎక్కువ. అందువల్ల రక్తపోటు ఉన్నవాళ్లకు మేలే కానీ, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు డాక్టరును అడిగి తినాలి. ప్రొటీను మాత్రం గడ్డలో బాగా తక్కువ. అందుకే పాతకాలపు తిండిలో గడ్డ పక్కన వేటమాంసమో, చేపో, ఆకుకూరో, పప్పుగింజో ఉండేది. గడ్డ ఒక్కటే తిని బలంగా బతికారన్నది కట్టుకథ. తొలివానల్లో ఏమీ దొరక్క పస్తులున్న రోజులు కూడా ఆ జీవితంలో ఉన్నాయి.

కొలెస్ట్రాల్ కథ చెప్పాలంటే మన అడవి దాటి జపానుకూ, అక్కడి నుంచి మెక్సికోకూ పోవాలి. 1936లో జపాను శాస్త్రజ్ఞులు తమ దేశపు ఒక అడవిగడ్డ నుంచి డయోస్‌జెనిన్ అనే పదార్థాన్ని వేరుచేశారు. అదే ఏడాది ప్రెయిన్, బర్కిల్ అనే ఇద్దరు వృక్షశాస్త్రజ్ఞులు ఆసియా డయాస్కోరియాల మీద రాసిన పెద్ద గ్రంథంలో మొదటి భాగం కలకత్తాలో అచ్చయింది. తీగ కుడికి చుడుతుందా ఎడమకు చుడుతుందా అన్నది కూడా ఈ జాతులను వేరుచేసే గుర్తుల్లో ఒకటి. అడవిలో గడ్డ తవ్వేవాళ్లకు ఇలాంటి గుర్తులు కొత్తేమీ కాదు.

డయోస్‌జెనిన్‌లో ఏముంది? దాని అణువు బొమ్మ గీస్తే నాలుగు వలయాలు ఒకదానికొకటి అతుక్కొని నాలుగు గదుల ఇల్లులా ఉంటుంది. కొలెస్ట్రాల్ కూడా సరిగ్గా అలాంటి నాలుగు గదుల ఇల్లే. మన ఒంట్లోని ఆడ, మగ హార్మోన్లు కూడా అవే గదులు. బయట వసారా, గుమ్మం మాత్రం మారతాయి. రస్సెల్ మార్కర్ అనే అమెరికా రసాయన శాస్త్రజ్ఞుడు డయోస్‌జెనిన్‌కు వసారా విరగ్గొట్టి ప్రొజెస్టిరాన్ అనే హార్మోనుగా మార్చే దారి కనిపెట్టాడు. పెద్ద గడ్డ కోసం వెతుకుతూ 1940ల మొదట్లో మెక్సికోలోని వెరాక్రూజ్ ప్రాంతానికి వెళ్లాడు. 1944లో మెక్సికో నగరంలో సింటెక్స్ అనే కంపెనీ పుట్టింది. అంతదాకా బంగారం ధర పలికిన హార్మోను చౌక అయింది. 1951లో ఆ కంపెనీ ప్రయోగశాలలోనే గర్భనిరోధక మాత్రకు పనికొచ్చే నోరెథిండ్రోన్ తయారైంది. కీళ్లవాపుకు వాడే కార్టిజోన్‌ను కూడా గడ్డ నుంచే చేయగలిగారు. ప్రపంచమంతా ఆడవాళ్ల జీవితాన్ని మార్చిన మాత్ర వెనుక ఒక అడవిగడ్డ ఉంది.

ఆ గడ్డను అక్కడ బర్బాస్కో అంటారు. దాన్ని తవ్వినవాళ్లు వెరాక్రూజ్, ఒహాకా అడవుల పేద రైతులు, ఆదివాసులు. వీపున మోసుకొచ్చి దళారికి కిలోల లెక్కన అమ్మేవారు. చాలామందికి ఆ గడ్డ ఎందుకు కొంటున్నారో కూడా తెలియదు. లాభమంతా కంపెనీల దగ్గర ఆగింది. 1975లో మెక్సికో ప్రభుత్వం ఈ వ్యాపారాన్ని చేతిలోకి తీసుకోవడానికి ప్రోకివెమెక్స్ అనే సంస్థ పెట్టింది. కానీ అప్పటికే కంపెనీలు సోయా వంటి వేరే ముడిసరుకుల వైపు మళ్లుతున్నాయి. మన దేశంలోనూ ఇలాంటిదే జరిగింది. హిమాలయాల్లోని డయాస్కోరియా డెల్టాయిడియా అనే గడ్డను మందుల కోసం తవ్వి తవ్వి అరుదైపోయేలా చేశారు. 1975లో దాన్ని అంతర్జాతీయ వ్యాపారం మీద అదుపు పెట్టే సైటీస్ ఒప్పందం జాబితాలో చేర్చవలసి వచ్చింది. నల్లమలలో తల భాగం వదిలి తవ్వే పద్ధతికీ, దీనికీ ఉన్న తేడా పిల్లలకు చెప్పదగిన పాఠం.

ఇప్పుడు అసలు ప్రశ్న. గడ్డ తింటే రక్తంలో కొలెస్ట్రాల్ తగ్గుతుందా? 1970లలో ఎలుకలకు డయోస్‌జెనిన్ ఇచ్చి చూసినప్పుడు పేగుల నుంచి కొలెస్ట్రాల్ ఒంట్లోకి పీల్చుకోవడం తగ్గింది, పిత్తం ద్వారా బయటకు పోవడం పెరిగింది. పీచు దారి ఇంకొకటి ఉంది. కాలేయం కొలెస్ట్రాల్‌తోనే పిత్త ఆమ్లాలు తయారుచేస్తుంది. అవి కొవ్వు అరిగించాక ఎక్కువభాగం తిరిగి కాలేయానికే వస్తాయి. జిగురు, పీచు ఉన్న తిండి వాటిలో కొన్నింటిని పట్టుకొని మలంతో బయటకు తీసుకుపోతుంది. లోటు పూడ్చడానికి కాలేయం రక్తంలోని కొలెస్ట్రాల్‌ను వాడుకుంటుంది.

మనుషుల మీద చేసిన పరిశోధనల్లో ఎక్కువగా చెప్పుకునేది 2005లో తైవాన్ నుంచి వచ్చింది. నెలసరి ఆగిన ఆడవాళ్లు 22 మంది నెల రోజుల పాటు రెండు పూటల అన్నం బదులు రోజుకు 390 గ్రాముల గడ్డ తిన్నారు. ఆ గడ్డ ఏదో కాదు, మన పెండలమే. వాళ్ల కొలెస్ట్రాల్ సగటున 5.9 శాతం తగ్గింది. సంతోషించదగిన సంగతే. కానీ మనుషులు కొద్దిమంది, కాలం ఒక్క నెల. అది మందు బిళ్ల చేసే పని కాదు. పైగా వాళ్లు అన్నం మీద అదనంగా గడ్డ తినలేదు, అన్నం మానేసి తిన్నారు. మూడు పూటలా అన్నం తిని, పైన నూనెలో వేయించిన పెండలం చిప్స్ తింటే ఈ లెక్క వర్తించదు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. ‘అడవిగడ్డ క్రీము’, ‘అడవిగడ్డ పొడి’ అని హార్మోన్ల పేరు చెప్పి అమ్మేవి మార్కెట్లో ఉన్నాయి. డయోస్‌జెనిన్‌ను హార్మోనుగా మార్చడం ప్రయోగశాలలో రసాయనాలతో జరిగే పని. మనిషి ఒంటికి ఆ శక్తి లేదు. మన గడ్డను మనకే పొడి చేసి డబ్బాలో పెట్టి అమ్మితే కొనకండి. డాక్టరు ఇచ్చిన కొలెస్ట్రాల్ మాత్ర మానేసి గడ్డ తినడం కూడా వద్దు.

పాత చెంచుకు గుండెజబ్బు భయం లేకపోతే దానికి కారణం గడ్డ ఒక్కటే కాదు. గడ్డ కోసం నడిచిన కొండ, తవ్విన గుంత, నూనె, చక్కెర లేని వంట, కొన్నిసార్లు ఆకలి కూడా అందులో ఉన్నాయి. ఆకలిని మినహాయిస్తే మిగిలినవన్నీ పోగొట్టుకోకుండా ఉండవలసినవే. 1983లో ఆంధ్రప్రదేశ్‌లో కిలో 2 రూపాయల బియ్యం వచ్చింది. దాన్ని నేను తప్పు పట్టను. పస్తుల రోజులను ఆ బియ్యమే తగ్గించింది. అయితే తెల్లబియ్యం వచ్చిన ఇంట్లో గడ్డ తవ్వడం నామోషీ అయింది. బడిలో, హాస్టల్లో ‘గడ్డలు తినేవాళ్లు’ అనేది తిట్టుగా మారింది. జొన్న, సామ, గడ్డ, ఆకు ఉన్న పళ్లెంలో అన్నం, ప్యాకెట్ నూనె, పల్చటి పప్పు మిగిలాయి.

అడవి కూడా దూరమైంది. నల్లమలలో 1978లో అభయారణ్యం, 1983లో పులుల రిజర్వు వచ్చాయి. పోలవరం ముంపు పేరుతో కొండరెడ్ల, కోయల గూడేలు మైదానం కాలనీలకు తరలాయి. అక్కడ పక్కా ఇల్లు ఉంటుంది, తవ్వడానికి కొండ ఉండదు. వాగు లేకపోతే విషపు గడ్డను శుద్ధి చేసే విద్య ఒక్క తరంలో మాయమవుతుంది.

చట్టం మాత్రం ఇప్పుడు మన వైపు ఒక మాట పలుకుతోంది. 2006 అటవీ హక్కుల చట్టం చిన్నతరహా అటవీ ఉత్పత్తులంటే ఏమిటో చెప్పేచోట వెదురు, తేనె, లక్క, బీడీ ఆకులతో పాటు వేర్లను, దుంపలను కూడా పేరు పెట్టి చెప్పింది. వాటిని సేకరించుకునే, వాడుకునే, అమ్ముకునే హక్కు మనదేనంది. అభయారణ్యాలకు కూడా ఈ చట్టం వర్తిస్తుంది. గ్రామసభలో సామూహిక హక్కుల దరఖాస్తు రాసేటప్పుడు చాలాచోట్ల తేనె, చింతపండు, అడ్డాకులు రాసి గడ్డలు మరిచిపోతారు. తాము తవ్వే గడ్డల పేర్లు, తవ్వే చోట్ల పేర్లు అందులో రాయించవలసింది చదువుకున్న యువతే.

ఉపాధ్యాయ మిత్రులకు ఒక పని చెబుతాను. తరగతిలో ప్రతి పిల్ల, పిల్లవాడు తమ ఇంటి పెద్దవాళ్లను అడిగి ఒక్కొక్క గడ్డ గురించి ఒక పేజీ రాసుకు రావాలి. గడ్డ పేరు తమ భాషలో, తెలుగులో, ఆకు ఒంటిదా మూడుదా అయిదుదా, ముళ్లున్నాయా, తీగ ఎటు చుడుతుంది, ఏ నెలలో తవ్వుతారు, చేదా తీపా, ఎన్నిసార్లు ఉడికిస్తారు, ఎన్ని రోజులు వాగులో ఉంచుతారు, బాలింతకు పెడతారా పెట్టరా. కాల్చినదా, ఉడికినదా, చల్లారినదా అన్నది కూడా రాయించండి, అరుగుదల లెక్క అక్కడే ఉంది. పెద్దవాళ్లు పక్కన లేకుండా పిల్లలు తవ్వి రుచి చూడకూడదని మాత్రం మొదటి పేజీలోనే రాయించాలి. ఆ పుస్తకం ఒక ప్రతి బడిలో, ఒక ప్రతి గ్రామసభ దస్తరంలో ఉండాలి. తైవాన్ వాళ్లు పెండలం మీద చేసిన లెక్క మన అడవిగడ్డల మీద చేయాలన్నా, ముందు కావలసింది ఆ పుస్తకమే.